ముందుగా అడుగవలసిన ప్రశ్న

ఉదయగిరి కొండమీదను, కొండ దిగువ ఆలయములలోను నిలిచియున్న శాసనములను చదువ నేర్చినవాని మనసున ముందుగా నాటుకొనునది రాజుల బిరుదావళి కాదు, దాతల యౌదార్యమును కాదు. తన సంగతి చెప్పుటకు పూర్వము తన కాలమును తానే చెప్పుకొను ఆ శిలల మర్యాద. శకవర్షము, సంవత్సరనామము, మాసము, పక్షము, తిథి, వారము అని వరుసగా విన్నవించిన పిమ్మటగాని, ఎవరు ఎవరికి ఏ భూమి నిచ్చిరో ఆ ఱాయి చెప్పదు. గజపతుల యధీనములో నున్న యీ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైబడి ముట్టడించి 1514లో సాధించెననియు, ఇచ్చటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకు గొనిపోయి మఱుసటి యేట ప్రతిష్ఠించెననియు మనము నేడు తడుముకొనకుండ చెప్పగలుగుచున్నామన్నచో, అది ఆనాటి లేఖకులు పెట్టిన భిక్ష. శక 1436 అను సంఖ్యకు భావ యను సంవత్సరనామమును జతపఱచుట వారి పద్ధతి. నామ మొక్కటియే యున్నచో, అది అఱువదియేండ్ల కొకసారి తిరిగి వచ్చునది గనుక, 1514 నాటి భావయో 1574 నాటి భావయో తేలదు; సంఖ్య యొక్కటియే యున్నచో, చెక్కువాని ఉలి ఒక్క అంకెయొద్ద జాఱినను పట్టుకొనుట దుర్ఘటము. రెండును కలిసినప్పుడు ఒకదానికొకటి సాక్షి యగును. కొండమీది మసీదులోని పారసీకలేఖనమునకు భాష వేఱు, లిపి వేఱు, శకము సైతము వేఱు. కాలము చెప్పుకొను మర్యాద మాత్ర మదియే.

బటర్‌వర్తు, వేణుగోపాల్ సెట్టి గారలు నెల్లూరు జిల్లా శాసనములను తాలూకాల వారీగా కూర్చి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించినప్పుడు వారికి చేయూత నిచ్చినది ఈ మర్యాదయే. ఆత్మకూరు తాలూకా శాసనములను, ఉదయగిరి తాలూకా శాసనములను చదువునపుడెల్ల నా కన్ను మొదట వెదకునది శకవర్షమునే. అది తెలియనంతవఱకు ఆ శాసనములోని రాజెవరో, నాణెమేదో, కొలత యెంతయో నిశ్చయించుట చీకటిలో నడచుటయే యగును.

కంప్యూటరులో పనిచేయు ప్రతి పనిముట్టునకును ఇట్టి కాలనిర్దేశము కలదు. దానిని వెర్షన్ నంబరని లోకము పిలుచుచున్నది. ప్రోగ్రామనునది ఒకసారి వ్రాసి విడిచిన వస్తువు గాదు. ఏటేట, ఒక్కొక్కప్పుడు నెలనెలయు దానిని దిద్దుచునే యుందురు. కొన్ని గుణములు చేరును, కొన్ని దోషములు తొలగును, మఱికొన్ని దోషములు క్రొత్తగా పుట్టును. పేరు మాత్రము మాఱదు. పేరు మాఱకపోవుటచేతనే చిక్కు వచ్చుచున్నది. పైథాన్ అని మీరును నేనును అందుము గాని, మీ యొద్దనున్నదియు నా యొద్దనున్నదియు ఒకటే యని ఆ పేరు పూటపడదు. 2008 డిసెంబరులో వెలువడిన 3.0, దానికి ముందున్న 2వ తరముతో పొత్తు కుదురనిది; తెరమీద ఒక మాట అచ్చువేయించు వాక్యము సైతము ఒకదానిలో చెల్లునది రెండవదానిలో చెల్లదు. 2వ తరమునకు 2020 జనవరి 1తో పోషణ ముగిసినది. ఐనను పాత పుస్తకములలోని పాఠములు అట్లే యున్నవి, వానిని నమ్మి నేర్చుకొనువారును ఉన్నారు.

మన యొద్దనున్నది ఏ వెర్షనో తెలిసికొనుటకు తగిన మార్గము ఆ పనిముట్టునే అడుగుట. కమాండ్ ప్రాంప్టు అను నల్లని తెర తెఱచి, పనిముట్టు పేరు వ్రాసి, కొంచెము ఎడము విడిచి, రెండు అడ్డగీతలు గీసి, వెర్షన్ అని చేర్చి ఎంటరు నొక్కిన చాలును. అది తన సంఖ్యను తానే చెప్పును. గ్నూ సంప్రదాయమున వ్రాయబడిన ప్రోగ్రాములు సంఖ్యతో ఆగవు. ఫైళ్ల పేర్లు చూపు ఎల్ఎస్ అను చిన్న పనిముట్టును ఈ విధముగా అడిగినచో, తన పేరు, సంఖ్య, హక్కు ఎవరిదో, ఏ షరతులతో పంచుకొనవచ్చునో చెప్పి, ఎట్టి వారంటీయు లేదని ఒప్పుకొని, చివరకు రిచర్డ్ స్టాల్‌మన్, డేవిడ్ మెకెంజీ తన్ను వ్రాసిరని వారి పేర్లు చదువును. ఆ పంక్తులను చూచినపుడెల్ల నాకు మన నెల్లూరి తిక్కన సోమయాజి ఆశ్వాసాంతమున వ్రాయు గద్యము స్ఫురించును. తండ్రి పేరు, తన పేరు, ఏ పర్వమున ఎన్నవ యాశ్వాసము ముగిసినదో ఆయన అంత విస్పష్టముగా చెప్పియుండుటచేత, తాటియాకుల కట్ట త్రెగి ఆకులు చెదరినను, ఏ భాగమెవ్వరిదో చదువరికి తెలియుచు వచ్చినది. కర్త తన కృతిమీద చేవ్రాలు చేయుట గర్వమని నేననుకొనను. తరువాత వచ్చువానిపట్ల అది బాధ్యత.

ఇక నా కండ్లయెదుట జరిగిన ఒక సంగతిని కొంత వివరముగా చెప్పవలెను. ఆత్మకూరులోను ఉదయగిరిలోను ఉన్న కొందఱు విద్యార్థులు మన తాలూకాల శాసనపాఠములను యూనికోడులో ఎక్కించుటకు పూనుకొన్నారు. ప్రాచీనలేఖనములను ఎక్కించువారికి నేటి వాడుకలో లేని అక్షరములు కొన్ని కావలసి వచ్చును: దంత్యములైన ౘ ౙలు, మిక్కిలి పూర్వపు శాసనములలోని ఴకారము, లేఖనారంభమున వ్రాయు సిద్ధం గుర్తు, నకారపొల్లు. ఇవి యన్నియు యూనికోడులో ఒక్కనాడే చేరినవి కావు. తెలుగు లిపి 1991 నాటి తొలి కూర్పునుండియు అందులో నున్నను, ౘ ౙలు 2008లో 5.1వ కూర్పుతోను, ఴ 2014లో 7.0తోను, సిద్ధం గుర్తు 2019లో 12.0తోను, నకారపొల్లు 2021లో 14.0తోను ప్రవేశించినవి. వేయి యేండ్లకు పైబడిన అక్షరము సైతము కంప్యూటరు దృష్టిలో నిన్న మొన్న పుట్టినదిగా ఉండవచ్చునన్నమాట.

ఆ విద్యార్థులలో నొకడు ఈ అక్షరములను వరుసగా పెట్టి, ఒక్కొక్కదానికి యూనికోడులో గల పేరును చెప్పించు చిన్న పైథాన్ ప్రోగ్రామును ఆత్మకూరులో వ్రాసెను. అచ్చట అన్ని పేర్లును చక్కగా వచ్చినవి. అదే ఫైలును పెన్‌డ్రైవులో ఉదయగిరికి గొనిపోయి అచ్చటి పాత యంత్రముమీద నడపగా, ఴకారము పేరు వఱకు చెప్పి, సిద్ధం గుర్తు వచ్చుసరికి అట్టి పేరు లేదని ఆంగ్లమున నొక పంక్తి పలికి ప్రోగ్రాము ఆగిపోయెను. “ఆడ బాగానే వచ్చింది సార్, ఈడ రాలా” అని ఆ పిల్లవాడు ఫోనులో చెప్పిన మాటలో విసుగుకంటె చిన్నబుచ్చుకొన్న ధ్వనియే నాకు ఎక్కువగా వినబడెను. అప్పటికే అతని చుట్టును చేరినవారు తలకొక నిదానము చెప్పియుండిరి: ఫాంటు లేదని ఒకరు, పెన్‌డ్రైవులో వైరస్ చేరినదని మఱియొకరు, విండోస్ మరల ఎక్కించినగాని కుదురదని వేఱొకరు. ఫాంటు లేనప్పుడు అక్షరమునకు బదులు డబ్బా కనబడును గాని, పేరు లేదని ప్రోగ్రాము ఆగదు. ఈ సలహాలిచ్చినవారు అందఱును మేలుకోరినవారే. ఐనను యంత్రమును ఏమియు అడుగకయే దాని రోగమును నిర్ణయించిరి.

“నాయనా, ముందు దాని వెర్షన్ అడుగు” అంటిని. 3.7 అని వచ్చెను. ఆత్మకూరు యంత్రములోనిది 3.11. పైథాన్ తనలో యూనికోడు అక్షరముల పట్టిక నొకదానిని మోయుచుండును. ఆ పట్టిక ఏ కూర్పునకు చెందినదో సైతము అడిగినచో చెప్పును. అడుగగా ఉదయగిరిలోనిది 11.0 అనియు, ఆత్మకూరులోనిది 14.0 అనియు తేలెను. 2018లో వెలువడిన 3.7కు, 2019లో యూనికోడులో చేరిన గుర్తు పేరు తెలియకపోవుటలో ఆశ్చర్యమేమి? ప్రోగ్రాములో దోషము లేదు, పెన్‌డ్రైవులో లేదు, పిల్లవానిలో అసలే లేదు. ఆ యంత్రములో నున్నది విండోస్ 7, పైథాన్ 3.8 వఱకే దానిమీద ఎక్కును, 3.9 మొదలు ఎక్కదు. 3.8లో నున్నది యూనికోడు 12.1 గనుక, దానిని ఎక్కించినచో సిద్ధం గుర్తు వచ్చును, నకారపొల్లు రాదు. ఇంత సంగతియు రెండు మూడు సంఖ్యలనుండి, యంత్రముమీద మఱల చేయి వేయకుండగనే, మేము ముందుగా చెప్పగలిగితిమి.

అంతటితో ముగియలేదు. ఆ పిల్లవాడు 3.8ని ఎక్కించి మరల అడిగినను, 3.7 అనియే యంత్రము బదులు చెప్పెను. ఒకే పేరు గల పనిముట్లు రెండు ఒకే యంత్రములో నున్నప్పుడు ఏది పలుకునన్న ప్రశ్న ఇక్కడ పుట్టును. పాత్ అను పేర ఫోల్డర్ల వరుస యొకటి యంత్రములో వ్రాసియుండును. మనము పేరు పెట్టి పిలిచినప్పుడు యంత్రము ఆ వరుసలో మొదట కనబడినదానిని పిలిచి తెచ్చును, తక్కినవానిని చూడనే చూడదు. విండోస్‌లో వేర్ అనియు, లినక్స్‌లో విచ్ అనియు వ్రాసి, పక్కన పనిముట్టు పేరు చేర్చినచో, పలికినది ఏ ఫోల్డరులోనిదో తెలియును. అట్లు అడుగగా పాతదియే ముందు వరుసలో నున్నదని తేలినది. వరుస మార్చిన పిమ్మట 3.8 పలికెను, సిద్ధం గుర్తు పేరు వచ్చెను. నకారపొల్లు యొద్ద, మేమనుకొన్నట్లే, ప్రోగ్రాము ఆగెను. వెర్షన్ అడిగినవాడు, పలికినదెవరో కూడ అడిగినగాని అడుగుట పూర్తి కాదని నాకు అప్పటినుండి గట్టిగా తోచుచున్నది.

మన కళాశాలలలో ఈ ప్రశ్న వినబడకపోవుటకు ఒక చారిత్రక కారణము కలదనుకొందును. తెలుగునాట ఎన్నో యేండ్లుగా సీ భాషను టర్బో సీలో నేర్పుచు వచ్చిరి. 1990ల తొలినాటి ఆ నీలితెర డాస్ కాలమునకు చెందినది. విండోస్ ముందుకు సాగినకొలదియు దానిని డాస్‌బాక్స్ అను తొడుగులో పెట్టి నడపుచుండిరి. ప్రతి రికార్డు పుస్తకములోను తప్పక ఉండు ఫాక్టోరియల్ ప్రోగ్రామునే తీసికొందము. 7కు 5040 అని టర్బో సీ సరిగా చెప్పును. 8కి 40320 అనుటకు బదులు, ఋణసంఖ్యగా 25216 అని చెప్పును. టర్బో సీలో ఇంట్ అను పూర్ణాంకమునకు 16 బిట్ల చోటు మాత్రమే యుండి, 32767ను దాటిన సంఖ్య అందులో ఇమడకపోవుటయే కారణము. అదే ప్రోగ్రామును నేటి జీసీసీలో నడపినచో 40320 వచ్చును. 12 వఱకు సరిగానే నడచి 13 యొద్ద అదియు తప్పును. ఈ రెండు జవాబులను చూచిన విద్యార్థి సీ భాషయే నమ్మదగనిదని తలచును, లేక తానే మందమతి యని క్రుంగును. భాష ఒకటి, దానిని నడపు పనిముట్టు వేఱొకటి, ఆ పనిముట్టునకు ఒక కాలము, ఒక సంఖ్య ఉన్నవి అని మొదటినాడే చెప్పియుండిన యెడల వాని కా క్రుంగుబాటు ఉండెడిది కాదు.

సంఖ్యను చదువుటకును కొంత నేర్పు కావలెను. శక 1436 క్రీస్తుశకమున ఎంతయో తెలిసినగాని శాసనము బోధపడనట్లు, ఒక్కొక్క పనిముట్టునకును దాని శక మేదో తెలియవలెను. జావా 8 తన్ను తాను 1.8 అని చెప్పుకొనును. విండోస్ 11ను వెర్ అని అడిగినచో నేటికిని 10.0 అనియే మొదలుపెట్టును. ఆ పిమ్మట వచ్చు బిల్డు సంఖ్య 22000 గాని అంతకు పైబడి గాని యున్నచో అది 11 అని గ్రహించవలెను. ఉబుంటు వారి పద్ధతి మన శాసనకర్తలకు నచ్చియుండెడిది: 24.04 అనిన 2024వ సంవత్సరము, ఏప్రిల్ నెల. అడుగు రీతియు అన్నిటను ఒకటి గాదు. జావా 8 ఒకే అడ్డగీతతో అడిగిననే పలుకును. రెండు గీతలు పెట్టినచో గుర్తుపట్టలేదని చెప్పి నిరాకరించును. 9వ జావానుండి రెండు విధములును చెల్లును. పైథాన్‌కు పెద్ద వీ చెప్పినచో సంఖ్య నిచ్చును. చిన్న వీ చెప్పినచో తాను తెచ్చుకొను మాడ్యూళ్ల చిట్టా నంతయు తెర నిండ కుమ్మరించును. ఇట్టి వైవిధ్యమును నేను మెచ్చను. కొద్దిపాటి సమన్వయముతో పోవలసిన కష్టమును ప్రతి క్రొత్త విద్యార్థియు మొదటినుండి పడవలసి వచ్చుచున్నది.

వస్తువునే అడుగవలెనన్న నియమమునకు ఒక అవధి యున్నదని 2024లో లోకమంతయు తెలిసికొన్నది. ఆ సంవత్సరము మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, దూరపు యంత్రములోనికి ప్రవేశించునప్పుడు దాదాపు అర సెకను ఎక్కువ పట్టుచున్నదన్న చిన్న అనుమానమును విడువక వెంబడించి, ఎక్స్‌జెడ్ అను కుదింపు పనిముట్టు 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో దొంగద్వారము నొకదానిని అమర్చిరని వెల్లడించెను. ఆనాడు దేశదేశముల యంత్రపాలకులు తమ యొద్ద నున్నది ఏ సంఖ్యయో చూచుకొనిరి. కాని, కలుషితమైనదేమో యని శంకించు ప్రోగ్రామును నడపి దాని నోటనే సాక్ష్యము తీసికొనుట క్షేమమా? నడపకుండ, వ్యవస్థలోని ప్యాకేజీల జాబితాలో దాని సంఖ్య చూడుడని కొందఱు హెచ్చరించిరి. శాసనపరిశోధకులకు ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. భూమిని కాజేయుటకు పూర్వరాజుల పేర పుట్టించిన కూటశాసనములు మనదేశమున పెక్కు బయటపడినవి. అందును శకవర్షము ఉండును, సంవత్సరనామము ఉండును. లిపి ఆ కాలమునకు చెందనిదగుటచేతనో, తిథివారములు లెక్కకు కుదురకపోవుటచేతనో అవి పట్టుబడినవి. తాను చెప్పుకొన్న కాలమును విని, బయటి సాక్ష్యముతో సరిచూచుట రెండు విద్యలకును సమానమే. ఐనను కూటశాసనము లున్నవని శాసనములను చదువుట ఎవరును మానలేదు.

ఆ ఉదయగిరి విద్యార్థి తన ఫైలు మొదట రెండు పంక్తులు చేర్చినాడు: ఇది పైథాన్ 3.11లో వ్రాయబడినదనియు, నకారపొల్లు కావలసినవారు అంతకు తగ్గినదానిలో నడపరాదనియు. ఆ రెండు పంక్తులు లేని ప్రోగ్రామును ఇప్పుడు అతడు ఎవరికిని ఇచ్చుట లేదు. ఇతర యువకులును దానిని చూచి అట్లే చేయుచున్నారు.

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో కంప్యూటరు బోధించు ఉపాధ్యాయులకు నా మనవి యొకటి కలదు. రికార్డు పుస్తకములో ప్రయోగము పేరు, తేదీ వ్రాయించుచున్నారు. దాని క్రింద, ఏ పనిముట్టు, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అని మఱొక్క పంక్తి వ్రాయింపుడు. ఆ పంక్తిని పుస్తకమునుండి కాపీ కొట్టనీయక, ప్రతి విద్యార్థియు తన యెదుటనున్న యంత్రమును అడిగి తెలిసికొని వ్రాయునట్లు చూడుడు. తెలుగులో సాంకేతిక విషయములు వ్రాయువారు తమ వ్యాసము తొలి పేరాలోనే, ఈ సూచనలు ఏ కూర్పునకు చెల్లునో తెలుపవలెను. అది లేని వ్యాసము మూడేండ్లకే పనికిరానిదగుచున్నది, ఎందుకు పనికిరాలేదో చదువరికి తెలియుటయు లేదు. ఇక పాఠకుడా, నీ యంత్రము మొరాయించి నీవు ఎవరికైనను ఫోను చేయదలచినప్పుడు, ముందుగా ఆ నల్లతెర తెఱచి దాని వెర్షన్ అడిగి, వచ్చిన సంఖ్యను కాగితముమీద వ్రాసికొని, ఆ పిమ్మట ఫోను చేయుము.